ధ్రువిత నక్షత్రకాంతితో తారాగుచ్ఛాలను, అంతరిక్ష ధూళిని కొలవడం ఎలా: తిరుపతి, చిత్తూరు పరిశీలకులకు సమగ్ర మార్గదర్శి

తిరుపతి, చిత్తూరు వైపు ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చేసే పిల్లలు, ఇంటి మిద్దె మీద టెలిస్కోపు పెట్టుకున్నవాళ్లు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు: "నక్షత్రకాంతిలో ధ్రువణం కొలవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పోలరాయిడ్ పెట్టి నాలుగు ఫోటోలు తీస్తే సరిపోతుందా?"

ధ్రువణం అంటే కాంతి అన్ని దిశల్లో సమానంగా కాకుండా ఒక దిశలో కాస్త ఎక్కువగా కంపించడం. పోలరాయిడ్ అంటే ఒక దిశలో కంపించే కాంతిని మాత్రమే పంపే ఫిల్టర్. ఫోటోలు తీయడం ఈ పనిలో తేలికైన భాగం. మీకు వచ్చే అంకెలో టెలిస్కోపు వాటా ఉంటుంది, ఆకాశం వాటా ఉంటుంది, దారిలో అడ్డొచ్చిన వేరే ధూళి వాటా ఉంటుంది, ఒక్కోసారి నక్షత్రం సొంత వాటా కూడా ఉంటుంది. ఇవన్నీ తీసేశాక మిగిలేదే మీరు వెతుకుతున్న ధూళి. గిన్నె బరువు తీయకుండా నెయ్యి తూస్తే ఎలా ఉంటుందో, ఇవి తీయకుండా ధ్రువణం చెబితే అలా ఉంటుంది. అందుకే ఏ వాటాను ఎప్పుడు, ఏ వరుసలో తీయాలన్నదాని మీదే ఈ మార్గదర్శిలో ఎక్కువ చెబుతాను.

## 1. ఏం కొలుస్తున్నామో ముందు తెలుసుకోండి

నక్షత్రాల మధ్య ఉన్న ధూళి రేణువులు గుండ్రంగా ఉండవు, కాస్త పొడుగ్గా ఉంటాయి. అవి తిరుగుతూ, పొట్టి అక్షం అయస్కాంత క్షేత్రం దిశలో ఉండేలా సర్దుకుంటాయి. దాంతో వాటి పొడుగు క్షేత్రానికి అడ్డంగా ఉంటుంది. ఆ పొడుగు దిశలో కంపించే కాంతిని అవి ఎక్కువ మింగుతాయి. దాటి వచ్చిన కాంతిలో క్షేత్రానికి సమాంతరంగా కంపించేది కొంచెం ఎక్కువ మిగులుతుంది. ఆ "కొంచెం" ఎంత అన్నది ధ్రువణ శాతం, ఏ దిశలో అన్నది ధ్రువణ కోణం.

కోణాన్ని ఉత్తరం నుంచి తూర్పు వైపుగా 0 నుంచి 180 డిగ్రీల దాకా లెక్కిస్తారు. 180 డిగ్రీలంటే మళ్లీ 0 డిగ్రీలే. ఈ చిన్న సంగతి మరిచిపోతే తర్వాత సగటులన్నీ తప్పుతాయి.

మామూలు ధూళితో వచ్చే ధ్రువణం చాలా తక్కువ. దానికి ఒక పైహద్దు ఉంది: బి−వి రంగులో (నీలి బి ఫిల్టర్, పసుపుపచ్చ వి ఫిల్టర్ మాగ్నిట్యూడ్‌ల తేడాలో) ధూళి తెచ్చిన ఎరుపుదనాన్ని 9తో గుణిస్తే వచ్చే శాతాన్ని అది సాధారణంగా దాటదు. ఎరుపుదనం 0.5 ఉంటే ధ్రువణం 4.5 శాతం లోపే. లక్ష్యం ఎంచుకునేటప్పుడు ఈ లెక్క చేతిలో ఉండాలి.

## 2. మూడు దారులున్నాయి, మీదేదో తేల్చుకోండి

మొదటి దారి: కంప్యూటర్ ఒక్కటే. టెలిస్కోపు లేకపోయినా ఈ శాస్త్రం చేయొచ్చు. 9,286 నక్షత్రాల ధ్రువణ కొలతలను ఒకచోట చేర్చిన హైలీస్ జాబితా (2000) వీజియర్ అనే ఆన్‌లైన్ ఖగోళ జాబితాల భాండారంలో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని నక్షత్రాల దూరాలు కొలిచిన గయా ఉపగ్రహం మూడో విడుదలలోని దూరాలతో, టాప్‌క్యాట్ అనే పట్టికల సాఫ్ట్‌వేర్‌లో కలిపితే, ఏ దిశలో ఎంత దూరం దగ్గర ధూళి మొదలవుతుందో మీరే గీసి చూడొచ్చు. ఎవరైనా సరే ముందు ఇది చేయాలని నా సలహా. ఇది చేసినవాళ్లు రాత్రి టెలిస్కోపు దగ్గర తడబడరు.

రెండో దారి: 6 నుంచి 10 అంగుళాల టెలిస్కోపు, తిరిగే పోలరాయిడ్, మోనో కెమెరా. రెండు శాతం పైన ధ్రువణం ఉన్న, ప్రకాశవంతమైన నక్షత్రాలకు ఇది సరిపోతుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఈ దారి గురించే.

మూడో దారి: పెద్ద టెలిస్కోపు. చిత్తూరు నుంచి వేలూరు మీదుగా వెళ్తే జవాది కొండల్లో కావలూరు వస్తుంది. అక్కడి వేణు బప్పు అబ్జర్వేటరీలో 2.34 మీటర్ల టెలిస్కోపు ఉంది. నైనితాల్‌లో 104 సెంటీమీటర్ల టెలిస్కోపు మీద ఎయిమ్‌పోల్ అనే ధ్రువణమాపకంతో చాలా తారాగుచ్ఛాలను కొలిచారు. వీటిలో సమయం కావాలంటే మీ గైడు ద్వారా ప్రతిపాదన రాయాలి. ఆ ప్రతిపాదనలో రాయాల్సిన లెక్కలు కూడా కింద ఉన్నవే.

## 3. లక్ష్యం ఎంపిక: ఇక్కడే సగం పని

కొత్తవాళ్లందరూ కృత్తికలతో మొదలుపెడతామంటారు. మన అక్షాంశంలో అవి దాదాపు నడినెత్తికి వస్తాయి, కంటికి కనిపిస్తాయి, అందంగా ఉంటాయి. కానీ కృత్తికల సగటు ఎరుపుదనం సుమారు 0.04. తొమ్మిదితో గుణించండి: గరిష్ఠంగా 0.36 శాతం. పోలరాయిడ్‌తో మీకొచ్చే పొరపాటు దాదాపు అంతే ఉంటుంది. పైగా అక్కడి నక్షత్రాల చుట్టూ ఉన్న మబ్బు కాంతిని చెదరగొట్టి వేరే రకం ధ్రువణాన్ని తెస్తుంది. చేయి తిరిగాక చూడండి.

మొదటి లక్ష్యంగా నేను చెప్పేది పర్సియస్ జంట గుచ్ఛాలు, అంటే ఎన్‌జీసీ 869, ఎన్‌జీసీ 884. కారణాలు ఇవి:

- ఎరుపుదనం 0.5 పైనే ఉంటుంది. చాలా సభ్యుల్లో ధ్రువణం 3, 4 శాతం దాకా వస్తుంది.
- 6.5 నుంచి 9 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగితే నక్షత్రం మసక) మధ్య సభ్యులు బోలెడు.
- దూరం 2 కిలోపార్సెక్‌ల పైన (ఒక్కో కిలోపార్సెక్ సుమారు 3,260 కాంతి సంవత్సరాలు). దారిలో ఒకటికి మించిన ధూళి పొరలు ఉంటాయి, నేర్చుకోవడానికి మంచిది.
- ప్రమాణ నక్షత్రాలు (ధ్రువణం ఎంతో ముందే ఖచ్చితంగా తెలిసినవి) పక్కనే ఉన్నాయి. హెచ్‌డి 19820 (దాదాపు 4.8 శాతం, 115 డిగ్రీలు), హెచ్‌డి 25443 (దాదాపు 5.1 శాతం, 134 డిగ్రీలు) ధ్రువణం ఉన్నవి. హెచ్‌డి 21447లో ధ్రువణం దాదాపు లేదు.

తిరుపతి నుంచి ఈ జంట ఉత్తరాన సుమారు 46 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. డిసెంబరు రెండో సగంలో రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో, జనవరి రెండో వారానికి ఏడు గంటలకే ఆ ఎత్తుకు వస్తుంది. ఫిబ్రవరికి పడమటికి వాలిపోతుంది.

ఆ తర్వాతి లక్ష్యాలు: జనవరి, ఫిబ్రవరిలో రోజెట్ మబ్బు నడుమ ఉన్న ఎన్‌జీసీ 2244, ఏప్రిల్ తెల్లవారుజామున లేదా మే అర్ధరాత్రి దాటాక ఎన్‌జీసీ 6611. ఈ రెండోదానిలో ధూళి స్వభావమే మామూలు కంటే తేడాగా ఉంటుంది, తొమ్మిదో అంకంలో దాని అవసరం వస్తుంది.

## 4. సామాను సిద్ధం చేసుకోండి

టెలిస్కోపు. స్మిట్-కాసెగ్రెయిన్ లేదా రిఫ్రాక్టర్ మేలు. న్యూటోనియన్‌లో 45 డిగ్రీల్లో ఉండే చిన్న అద్దం కాంతికి తన సొంత ధ్రువణం అంటిస్తుంది, అది మీరు కొలవబోయేదానితో పోటీపడే స్థాయిలో ఉంటుంది. న్యూటోనియన్ తప్ప వేరే లేకపోతే ఈక్వటోరియల్ మౌంటు (భూమి అక్షానికి సమాంతరంగా తిరిగేది) మీద వాడండి. అప్పుడు ఆ దోషం ఎప్పుడూ ఒకే దిశలో ఉంటుంది కాబట్టి తీసేయొచ్చు. ఆల్ట్-అజిమత్ మౌంటు (పైకీ కిందికీ, పక్కలకూ తిరిగేది) మీద చిత్రం తిరుగుతూ ఉంటే దోషం కూడా నక్షత్రాల మీద తిరుగుతుంది. స్టార్ డయాగనల్ (కాంతిని పక్కకు మళ్లించే వాలు అద్దం) మాత్రం ఏ టెలిస్కోపులోనైనా తీసేయాలి.

పోలరాయిడ్. కెమెరా షాపుల్లో "లీనియర్" అనీ "సీపీఎల్" అనీ రెండు రకాలు దొరుకుతాయి. లీనియర్ దొరికితే అదే తీసుకోండి. సీపీఎల్ కూడా పనికొస్తుంది, కానీ ముందు వైపు ఆకాశం వైపే ఉండాలి. ఏది ముందు వైపో తెలుసుకోవడానికి లాప్‌టాప్‌లో తెల్ల తెర పెట్టి, ఫిల్టర్‌ను కంటి ముందు పట్టుకుని తిప్పండి. ఒక వైపు నుంచి చూస్తే తిప్పేకొద్దీ తెర దాదాపు నల్లబడి మళ్లీ వెలుగుతుంది. తిరగేసి చూస్తే వెలుగు పెద్దగా మారదు, రంగు మాత్రం కాస్త మారొచ్చు. నల్లబడినప్పుడు తెర వైపు ఉన్న ముఖమే ఆకాశం వైపు ఉండాలి. ఆ అంచు మీద మార్కరుతో చుక్క పెట్టేయండి, చీకట్లో వెతుక్కోనక్కర్లేదు.

తిప్పే రింగు. డిగ్రీల గీతలున్న రింగు కావాలి. దొరక్కపోతే లేత్ వర్క్‌షాపులో చేయించుకోవచ్చు. 0, 45, 90, 135 డిగ్రీల దగ్గర "టక్"మని ఆగే గుంటలు పెట్టించండి. గుంట ఒక డిగ్రీ తప్పితే 3 శాతం ధ్రువణంలో సుమారు 0.1 శాతం ఒక రాశి నుంచి ఇంకో రాశిలోకి జారుతుంది (ఏడో అంకంలో వచ్చే క్యూ, యు అనే రెండు రాశులివి). అంతకంటే ఎక్కువ తప్పనివ్వకూడదు.

కెమెరా. మోనో (నలుపు-తెలుపు) సీమాస్ లేదా సీసీడీ సెన్సర్ ఉన్నది, దానితో వి ఫిల్టర్. కలర్ కెమెరాలో పక్కపక్క పిక్సెళ్లు వేర్వేరు రంగులు చూస్తాయి కాబట్టి శాతంలో పదో వంతు ఖచ్చితత్వం రాబట్టడం కష్టం. పిక్సెళ్ల మీదే నాలుగు దిశల పోలరాయిడ్ ఉన్న సోనీ సెన్సర్లతో కెమెరాలు వస్తున్నాయి. అవి వాడితే నక్షత్రాన్ని కాస్త ఫోకస్ తప్పించి పరచాలి, లేకపోతే నక్షత్రం ఏ పిక్సెల్ మీద పడిందన్న దాన్నిబట్టి లేని ధ్రువణం పుడుతుంది.

బయల్దేరే ముందు:

- పోలరాయిడ్ ముందు వైపు గుర్తు ఉందా
- రింగు ఆకాశ దిశతో కలిసేలా కెమెరాను బిగించారా. రాత్రంతా దాన్ని కదపకూడదు
- కంప్యూటర్ గడియారం సరిగ్గా ఉందా
- మంచు పట్టకుండా డ్యూ హీటరు ఉందా (జనవరిలో తప్పనిసరి)
- చార్టులో సభ్యులు, ప్రమాణ నక్షత్రాలు వేర్వేరు రంగుల్లో ఉన్నాయా

## 5. చోటు, కాలం

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. వాన తెరిపిచ్చిన రాత్రి ఆకాశం కడిగినట్టు ఉంటుంది, కానీ గంటకోసారి మారుతుంది. జనవరి నుంచి మార్చి దాకా నమ్మకంగా పని చేసుకోవచ్చు.

తిరుపతి ఊళ్లో ఉత్తరాన కొండ, కొండ మీద దీపాలు. మన జంట గుచ్ఛాలు కూడా ఉత్తరానే. అలిపిరి, కపిలతీర్థం వైపు కొండ అడుగున ఉన్నవాళ్లకు, పదమూడున్నర డిగ్రీల ఎత్తులో ఉండే ధ్రువ నక్షత్రానికి కొండ అడ్డుపడుతుంది. అక్కడ మౌంటును డ్రిఫ్ట్ పద్ధతిలోనే (వేరే నక్షత్రాలు ఎటు జారుతున్నాయో చూసి) సర్దుకోవాలి. వీలైతే ఊరు దాటి దక్షిణానికి, కార్వేటినగరం వైపో, చిత్తూరు వాళ్లయితే పలమనేరు, కుప్పం వైపో పొలాల్లోకి వెళ్లండి. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ ఎత్తు కూడా బాగుంటుంది. ఎక్కడికెళ్లినా ఉత్తరం తెరిచి ఉండాలన్నది మొదటి షరతు.

చంద్రుడున్న రాత్రి ఈ పని పెట్టుకోకండి. చంద్రకాంతి గాలిలో చెదిరి ధ్రువితమవుతుంది. చంద్రుడి నుంచి 90 డిగ్రీల దూరంలో అది మరీ ఎక్కువ.

కంటికి కనపడని పల్చటి ఎత్తు మేఘాలు ఇంకో బెడద. మన గాదంకి లైడార్‌తో (లేజర్ కాంతిని పైకి పంపి వాతావరణాన్ని పరిశీలించే పరికరంతో) ఈ పల్చటి మేఘాల మీదే పరిశోధనలు జరిగాయంటే ఇక్కడ అవి ఎంత మామూలో అర్థం చేసుకోవచ్చు. సాయంత్రం సూర్యుడు దిగేటప్పుడు పడమట పాల చారలు కనిపిస్తే ఆ రాత్రి కొలతలు మానుకుని, ఫోకస్, గైడింగ్ సాధన చేసుకోండి.

## 6. రాత్రి పని వరుస

పోలరాయిడ్ ఒక్కటే ఉన్నప్పుడు నాలుగు కోణాల ఫోటోలు వేర్వేరు సమయాల్లో తీస్తాం. 0 డిగ్రీల ఫోటోకూ 90 డిగ్రీల ఫోటోకూ మధ్య గాలి పారదర్శకత ఒక్క శాతం మారితే అర శాతం దొంగ ధ్రువణం పుడుతుంది. అందుకే వరుస ముఖ్యం.

1. ధ్రువణం లేని ప్రమాణ నక్షత్రం (హెచ్‌డి 21447) తీయండి.
2. ధ్రువణం ఉన్న ప్రమాణ నక్షత్రం (హెచ్‌డి 19820) తీయండి.
3. గుచ్ఛానికి వెళ్లండి. 0, 90, 90, 0 వరుసలో నాలుగు ఫోటోలు. వెంటనే 45, 135, 135, 45. ఇలా ముందుకూ వెనక్కూ తీస్తే మెల్లగా మారే గాలి ప్రభావం చాలా వరకు రద్దవుతుంది.
4. ఇదే చక్రాన్ని ఓపికగా మళ్లీ మళ్లీ తిప్పండి. పొడవైన ఒక్క చక్రం కన్నా పొట్టి చక్రాలు ఎక్కువ ఉంటేనే మేలు.
5. మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి ప్రమాణ నక్షత్రాలకు తిరిగి రండి.

ఫోటాన్ల (కాంతి కణాల) లెక్క ఇలా: క్యూ, యుల్లో ఒక రాశి 0.1 శాతం ఖచ్చితత్వంతో రావాలంటే ఆ జత ఫోటోల్లో కలిపి 10 లక్షల ఫోటాన్లు నమోదు కావాలి. 8 అంగుళాల టెలిస్కోపుతో 8వ మాగ్నిట్యూడ్ తారకు ఒక్కో కోణంలో మొత్తం అర నిమిషం చాలు. అంటే మీకు అడ్డం వచ్చేది ఫోటాన్ల కొరత కాదు, గాలి. పెద్ద టెలిస్కోపు లేదని బాధపడేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

నక్షత్రం నడిమి పిక్సెల్ కెమెరా సామర్థ్యంలో 70 శాతం దాటకుండా ఎక్స్‌పోజర్ తగ్గించండి, ఫోకస్ కొద్దిగా విడిచిపెట్టండి. జంట గుచ్ఛాల నడిబొడ్డున నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి, అక్కడ మాత్రం ఫోకస్ మరీ వదలకూడదు.

ఫ్లాట్ ఫ్రేముల (కెమెరాలో వెలుగు సమంగా పడని చోట్లను సరిచేయడానికి సమంగా వెలిగే తలాన్ని తీసే ఫోటోల) దగ్గర జాగ్రత్త. మామూలుగా అందరం సంధ్య వేళ ఆకాశంతో ఫ్లాట్లు తీస్తాం. ఇక్కడ అది పనికిరాదు. సంధ్యాకాశమే గట్టిగా ధ్రువితమై ఉంటుంది. ప్రతి కోణానికీ అలా ఫ్లాట్ తీసి భాగిస్తే ఆకాశపు ధ్రువణాన్ని మీ నక్షత్రాలన్నింటికీ పూసినట్టవుతుంది. ఎల్‌ఈడీ ప్యానెల్ మీద రెండు మూడు పొరల ట్రేసింగ్ పేపరు వేసి ఫ్లాట్లు తీయండి. ప్యానెల్‌ను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ తీసి సగటు తీసుకోండి.

## 7. ఫోటో నుంచి రెండు రాశులకు

ప్రతి ఫోటోలోనూ నక్షత్రం చుట్టూ వలయం గీసి, ఆ ఫోటోలోని ఆకాశాన్ని ఆ ఫోటో నుంచే తీసేయండి. నాలుగు కోణాలకూ ఒకే ఆకాశం అంకె వాడొద్దు, ఆకాశం వెలుగు కూడా కోణంతో మారుతుంది. వలయంలో పక్క నక్షత్రం పడకుండా చూడండి.

తర్వాత లెక్క తేలిక. మొదటి స్టోక్స్ రాశి క్యూ అంటే, 0 డిగ్రీల వెలుగులోంచి 90 డిగ్రీల వెలుగు తీసేసి రెండింటి మొత్తంతో భాగించడం. రెండోది యు, 45, 135 డిగ్రీలతో అలాగే.

ఒక ఉదాహరణ చూద్దాం. వెలుగు లెక్కలు ఇలా వచ్చాయనుకుందాం:

- 0 డిగ్రీలు: 4,92,500
- 90 డిగ్రీలు: 5,07,500
- 45 డిగ్రీలు: 4,87,000
- 135 డిగ్రీలు: 5,13,000

క్యూ = −15,000 ÷ 10,00,000 = −1.5 శాతం. యు = −26,000 ÷ 10,00,000 = −2.6 శాతం. రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే ధ్రువణం 3.0 శాతం. కోణం కోసం యు, క్యూ గుర్తులు రెండూ చూసే ఆర్క్‌టాన్ ఫంక్షన్ వాడితే 240 డిగ్రీలు వస్తుంది, అందులో సగం 120 డిగ్రీలు. ఒక్కో రాశిలో పొరపాటు 0.1 శాతం. కోణంలో పొరపాటు 28.65 × 0.1 ÷ 3, అంటే సుమారు ఒక డిగ్రీ.

మామూలు ఆర్క్‌టాన్ వాడితే గుర్తులు పోయి కోణం 90 డిగ్రీలు తప్పొచ్చు. ప్రాజెక్టు రిపోర్టుల్లో నాకు తరచూ కనిపించే లోపం ఇదే.

ధ్రువణం ఎప్పుడూ ధనాత్మకమే. వర్గాలు కూడుతున్నాం కాబట్టి, ఏ ధ్రువణమూ లేని నక్షత్రానికి కూడా కొంత విలువ వస్తుంది. దాన్ని సరిచేయడానికి, ధ్రువణం వర్గంలోంచి పొరపాటు వర్గం తీసేసి వర్గమూలం తీయండి. 0.5 శాతం వచ్చి పొరపాటు 0.3 అయితే నిజానికి మిగిలేది 0.4. విలువ పొరపాటుకు మూడు రెట్లు లేని నక్షత్రానికి కోణం చెప్పొద్దు.

పెద్ద టెలిస్కోపుల్లో పద్ధతి వేరు. అర్ధతరంగ ఫలకాన్ని (కాంతి కంపించే దిశను తిప్పే పలకను) 0, 22.5, 45, 67.5 డిగ్రీల్లో తిప్పుతారు. దాని వెనక ఉన్న స్ఫటికం ప్రతి నక్షత్రాన్నీ రెండు బొమ్మలుగా చీల్చుతుంది. రెండు బొమ్మలూ ఒకే క్షణంలో పడతాయి కాబట్టి గాలి బెడద దాదాపు ఉండదు. కిక్కిరిసిన గుచ్ఛంలో మాత్రం ఒకరి రెండో బొమ్మ ఇంకొకరి మొదటి బొమ్మ మీద పడుతుంది. ముందే చార్టు మీద ఆ దూరం కొలిచి, కలిసిపోయే నక్షత్రాలను జాబితా నుంచి తీసేయండి.

## 8. వాటాలు తీసే వరుస

ఇక అసలు పని. ప్రతి తీసివేతా క్యూ, యు రాశుల్లోనే చేయాలి. శాతాలనూ కోణాలనూ నేరుగా కూడటం, తీయడం ఎప్పుడూ చేయొద్దు.

మొదట టెలిస్కోపు వాటా. ధ్రువణం లేని ప్రమాణ నక్షత్రానికి మీకు వచ్చిన క్యూ, యు టెలిస్కోపువే. వాటిని అన్ని నక్షత్రాల నుంచీ తీసేయండి.

తర్వాత కోణం సున్నా. హెచ్‌డి 19820కి మీకు 98 డిగ్రీలు వచ్చిందనుకుందాం. అసలు కోణం 115. మీ రింగు 17 డిగ్రీలు తప్పింది, ఆ 17 అన్ని కోణాలకూ కలపండి. హెచ్‌డి 25443తో సరిచూడండి. రెండో నక్షత్రానికి తప్పు 17కు బదులు 55 దగ్గర వస్తే (రెండు నక్షత్రాల కోణాల తేడా 19కి రెట్టింపు అదనంగా) మీ రింగు ఎదురు దిక్కులో తిరుగుతోందని అర్థం, యు గుర్తు మార్చి కోణం సున్నా మళ్లీ లెక్కించండి. అందుకే ప్రమాణ నక్షత్రాలు కనీసం రెండు ఉండాలంటాను.

తర్వాత సభ్యుల ఎంపిక. గుచ్ఛం బొమ్మలో కనిపించిన ప్రతి చుక్కా సభ్యురాలు కాదు. గయా డేటాలో సొంత చలనం (ఆకాశంలో నక్షత్రం ఏటా ఎటు, ఎంత జరుగుతుందో) గీయండి, సభ్యులంతా ఒక ముద్దగా కనిపిస్తారు. ఆ ముద్దలో ఉండి, పారలాక్స్ (భూమి కదలిక వల్ల నక్షత్రం జరిగినట్టు కనిపించే చిన్న కోణం, అది పెద్దదైతే నక్షత్రం దగ్గర) 0.4 మిల్లీ ఆర్క్‌సెకన్ల దగ్గర ఉన్నవాళ్లే జంట గుచ్ఛాల సభ్యులు. పారలాక్స్ 2, 3 ఉన్నవాళ్లు దారిలో ఉన్న దగ్గరి నక్షత్రాలు. వాళ్లను పారేయకండి, వెంటనే పనికొస్తారు.

క్యూ–యు పటం గీయండి. అడ్డంగా క్యూ, నిలువుగా యు. దగ్గరి నక్షత్రాలు నడిమి సున్నా చుట్టూ చేరతాయి. సభ్యులు దూరంగా ఒక గుంపుగా ఉంటారు. గుంపుకు దూరంగా ఒంటరిగా పడిన సభ్యుల మీద అనుమానం పెట్టుకోండి.

జంట గుచ్ఛాల్లో బీఈ రకం నక్షత్రాలు చాలా ఉన్నాయి. వాటి చుట్టూ వేడి వాయువు పళ్లెంలా తిరుగుతూ కాంతిని చెదరగొట్టి సొంత ధ్రువణం ఇస్తుంది, అది కాలంతో మారుతుంది. అక్కడి ఎర్రటి మహాతారల్లోనూ సొంత ధ్రువణం ఉండొచ్చు. ధూళి లెక్క నుంచి వీటిని పక్కన పెట్టండి. వీటి మీదే ఇంకో మంచి ప్రాజెక్టు చేయొచ్చు.

చివరగా ముందు ధూళి. ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేస్తారు. పై ఉదాహరణలోని సభ్యురాలి ధ్రువణం 3 శాతం, 120 డిగ్రీలు. మనకూ ఆ గుచ్ఛానికీ మధ్య ఉన్న నక్షత్రాల సగటు 1 శాతం, 90 డిగ్రీలు అనుకుందాం. మూడులోంచి ఒకటి పోతే రెండు అనుకుంటే తప్పు.

ముందు ధూళి క్యూ −1.0, యు 0. తీసేస్తే క్యూ −0.5, యు −2.6 మిగులుతాయి. అంటే వెనక ధూళి ధ్రువణం 2.65 శాతం, కోణం సుమారు 130 డిగ్రీలు. శాతమూ మారింది, దిశ పది డిగ్రీలు మారింది. ఈ మారిన దిశే వెనక పొరలో అయస్కాంత క్షేత్రం ఎటు ఉందో చెబుతుంది.

ముందు ధూళి ఒక్క పొరేనా అని చూడటానికి దూరాన్ని అడ్డంగా, క్యూనూ యునూ విడివిడిగా నిలువుగా గీయండి. ధూళి పొర ఉన్న దూరం దగ్గర రేఖ మెట్టులా లేస్తుంది లేదా దిగుతుంది. శాతం ఒక్కటే గీస్తే, అడ్డదిడ్డంగా ఉన్న రెండు పొరలు ఒకదాన్నొకటి తగ్గించుకుని, మెట్టే లేనట్టు కనిపించొచ్చు.

## 9. ధూళి గురించి ఏం చెప్పొచ్చు

సామర్థ్యం. ధ్రువణాన్ని ఎరుపుదనంతో భాగించండి. 3 శాతాన్ని 0.55తో భాగిస్తే దాదాపు 5.5, పైహద్దు 9లో అరవై శాతం. ఇది తక్కువగా ఉంటే క్షేత్రం మన చూపు దిశకు వాలి ఉండొచ్చు, పొరల దిశలు కలవకపోవచ్చు, రేణువులు సరిగా సర్దుకోకపోవచ్చు. మూడింట్లో ఏదో ఒక్క గుచ్ఛంతో తేలదు, పక్క గుచ్ఛాలతో పోల్చాలి.

రేణువుల పరిమాణం. బి, వి, ఆర్, ఐ (నీలం నుంచి పరారుణం అంచు దాకా) నాలుగు ఫిల్టర్లలోనూ కొలిస్తే ధ్రువణం ఎక్కడ గరిష్ఠమో తెలుస్తుంది. మామూలు ధూళికి అది 0.55 మైక్రాన్ల దగ్గర. దాన్ని 5.6తో గుణిస్తే మొత్తం మసకకూ (వి ఫిల్టర్‌లో ధూళి తగ్గించిన మొత్తం వెలుగుకూ) ఎరుపుదనానికీ ఉండే నిష్పత్తి వస్తుంది, మామూలుగా 3.1. గరిష్ఠం పొడవైన తరంగదైర్ఘ్యం వైపు జరిగితే రేణువులు సగటున పెద్దవి. ఎన్‌జీసీ 6611 ఇలాంటి చోటే. ఫిల్టర్లన్నింటిలో కోణం ఒకటే ఉందో లేదో కూడా చూడండి. రంగుతో పాటు కోణం మెల్లగా తిరిగితే దారిలో వేర్వేరు రకాల పొరలు ఉన్నాయనో, నక్షత్రానికి సొంత ధ్రువణం ఉందనో అర్థం.

ప్లాంక్ పటంతో పోలిక. ప్లాంక్ ఉపగ్రహం 353 గిగాహెర్ట్జ్ దగ్గర ధూళి సొంతంగా వెలువరించే ధ్రువిత కాంతిని కొలిచింది. ఆ కోణం మన కోణానికి 90 డిగ్రీలు తేడాగా ఉంటుంది, తిప్పి పోల్చండి. ప్లాంక్ గుచ్ఛం వెనక ఉన్న ధూళినీ చూస్తుంది, మీ నక్షత్రం చూడదు. రెండూ కలవకపోతే ముందు గుర్తొచ్చేది అదే కావాలి.

కోణాల చెదురును బట్టి అయస్కాంత క్షేత్ర బలం లెక్కించే డేవిస్–చంద్రశేఖర్–ఫెర్మి పద్ధతి ఉంది. వాయువు సాంద్రత, వేగాల చెదురు వేరే కొలతల నుంచి రావాలి. అవి చేతిలో లేకుండా అంకె రాయొద్దు.

## 10. తరచూ వచ్చే తప్పులు, మందులు

"ఫోటోలోని నక్షత్రాలన్నింటి సగటుతో గాలి మార్పును సరిచేశాను, ధ్రువణం మొత్తం మాయమైంది." గుచ్ఛంలో అందరి ధ్రువణమూ దాదాపు ఒకటే. వాళ్ల సగటుతో భాగిస్తే మీరు కొలవాలనుకున్నదే పోతుంది. గయాలో 100, 150 పార్సెక్‌ల లోపు ఉన్న దగ్గరి నక్షత్రాలను అదే ఫోటోలో వెతికి, వాటితో మాత్రమే సరిచేయండి. అలాంటివి లేకపోతే ఏ సరిచేతా లేకుండా చక్రాలు పెంచండి.

"178, 2 డిగ్రీల సగటు 90 వచ్చింది." కోణాల సగటు తీయకూడదు. క్యూ, యు సగటులు తీసి చివర్లో కోణం కనుక్కోండి. జవాబు 0 డిగ్రీలు.

"ప్రమాణ నక్షత్రానికి 4.8 బదులు 4.3 వచ్చింది." పోలరాయిడ్ పక్కా కాదు, లేదా ఆకాశం సరిగా తీయలేదు. రెండు పోలరాయిడ్లను అడ్డంగా పెట్టి ఎంత కాంతి కారుతుందో చూడండి. అది సరిగ్గా ఉంటే వలయం మార్చి మళ్లీ లెక్కించండి.

"నక్షత్రం కోణానికో చోటికి జరుగుతోంది." పోలరాయిడ్ రెండు ముఖాలూ సమాంతరంగా లేవు. జరగడం మామూలే, ప్రతి ఫోటోలో కేంద్రం కొత్తగా వెతకమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పండి. పోలరాయిడ్ మీది దుమ్ము చుక్కలు కూడా దానితో తిరుగుతాయి కాబట్టి నాలుగు కోణాలకూ ఫ్లాట్లు విడివిడిగా ఉండాలి.

"రెండు రాత్రుల అంకెలు కలవడం లేదు." ఒక్క నక్షత్రమే తేడాగా ఉంటే అది బీఈ తార కావచ్చు. అన్నీ ఒకే దిక్కుకు జరిగితే కెమెరా కదిలింది, లేదా పల్చటి మేఘం వచ్చింది. ఆ రాత్రి ప్రమాణ నక్షత్రాల కొలతలు చూస్తే ఏదో తెలిసిపోతుంది.

## 11. ఫలితం రాసేటప్పుడు

పట్టికలో ఒక్కో నక్షత్రానికి ఇవన్నీ ఉండాలి:

- గయా సంఖ్య, పారలాక్స్, సభ్యత్వం
- కొలిచిన తేదీ, సమయం, ఫిల్టర్
- టెలిస్కోపు వాటా తీసిన క్యూ, యు, వాటి పొరపాట్లు
- సరిచేసిన ధ్రువణం, కోణం
- ముందు ధూళి తీశాక వచ్చిన విలువలు, వేరే గడుల్లో
- వాడిన ప్రమాణ నక్షత్రాలు, వాటికి మీకొచ్చిన అంకెలు

ముందు ధూళి తీయకముందు వచ్చిన క్యూ, యులను ఎప్పుడూ దాచి ఉంచండి. రేపు గయా కొత్త దూరాలు వస్తే, లేదా ఆ దిశలో ఇంకెవరైనా దగ్గరి నక్షత్రాలను కొలిస్తే, మళ్లీ తీసివేయడానికి అవే కావాలి. బీఈ తారల వరుసలో తేదీ గడి ఖాళీగా వదలొద్దు. తేదీ లేని ఆ కొలతను ఇంకో ఏడాది కొలతతో ఎవరూ పోల్చలేరు.